మనోళ్లే ఎక్కువిచ్చారా? రెండు కాలేజీల పూర్వ విద్యార్థుల చందాల లెక్క తేల్చే పద్ధతి

కబడ్డీలోనో వాలీబాల్‌లోనో ఏటా తలపడే రెండు కాలేజీల పోటీ మైదానం దాటి చందాల పుస్తకం దాకా వస్తుంది. "మా సంఘం ఖాతాలో పాతిక లక్షలున్నాయి" అని ఒకరంటే, "మా బ్యాచ్ ఒక్కటే ఈ ఏడు రెండు లక్షలిచ్చింది" అని ఇంకొకరంటారు. మొదటిది ఏళ్ల తరబడి పోగుపడిన నిల్వ. రెండోది ఒక్క ఏటి రాబడి. రెంటినీ పక్కపక్కన పెట్టి ఎంత వాదించుకున్నా తెమలదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కాలేజీలను ఈ విషయంలో పోల్చాలంటే ఏ కాగితం తెప్పించాలి, అందులో ఏది ఉంచుకోవాలి, ఏది కొట్టేయాలి అన్నదే ఇక్కడి సంగతి.

జోడీ కుదరడం ముందు. విజయనగరం మహారాజా కళాశాల 1879 నాటిది. అదే ఊరి ఎంవీజీఆర్, రాజాం జీఎంఆర్ఐటీ ఇంజనీరింగ్ కాలేజీలు, 1997లో పుట్టాయి. ఎంవీజీఆర్, జీఎంఆర్ఐటీలను పోల్చవచ్చు. వయసూ ఒకటే, చదువూ ఒకటే. మహారాజా కళాశాలను వాటి పక్కన నిలబెడితే మాత్రం అన్యాయమే. రిటైరైన టీచర్ల తరం ఇచ్చేది వేరు, సాఫ్ట్‌వేర్ తరం ఇచ్చేది వేరు. ప్రభుత్వ డిగ్రీ కాలేజీకి ప్రభుత్వ డిగ్రీ కాలేజీయే సాటి. ఇంకో చిక్కుంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయినప్పుడు రాజాం విజయనగరం జిల్లాలోకి, పాలకొండ పార్వతీపురం మన్యంలోకి వెళ్లాయి. అంతకుముందు రిజిస్టరైన సంఘాల కాగితాల మీద శ్రీకాకుళం జిల్లా అనే ఉంటుంది. జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లేముందు ఫైలు ఎక్కడుందో కనుక్కుంటే ఒక ప్రయాణం తప్పుతుంది.

తెప్పించాల్సిన కాగితాలు

ఈ సంఘాలు ఎక్కువగా 2001 నాటి రాష్ట్ర సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నడుస్తాయి. సర్వసభ్య సమావేశంలో పెట్టిన, చార్టర్డ్ అకౌంటెంట్ సంతకమున్న లెక్కలు అయిదేళ్లవి అడగండి. బ్యాలెన్స్ షీటు ఒక్కటే ఇస్తే తీసుకుని ఊరుకోకండి, అందులో నిల్వ తప్ప ఏమీ కనబడదు. కావలసింది వసూళ్లు, చెల్లింపుల ఖాతా. డబ్బు ఏ దారిన వచ్చిందో పద్దులవారీగా ఉండేది అందులోనే.

సంఘానికి 80జీ (దాతలకు పన్ను మినహాయింపు వచ్చే గుర్తింపు) ఉంటే, దాతల వివరాలతో ఏటా 10బీడీ అనే ఫారం ఆదాయపు పన్ను శాఖకు వేయాలి, దాతలకు 10బీఈ సర్టిఫికెట్ ఇవ్వాలి. ఇది 2021-22 నుంచీ ఉంది. దాతల పేర్లు అడగొద్దు, ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. ఎన్ని సర్టిఫికెట్లు ఇచ్చారో ఆ సంఖ్య ఒక్కటి చాలు. "మాకు వెయ్యి మంది దాతలు" అన్న సంఘం 140 సర్టిఫికెట్లే ఇచ్చి ఉంటే, మిగతా వాళ్లెవరని అడగడానికి మీకు ఆధారం దొరికినట్టే. కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది, నంబర్లు మారాయి. వెనకటి ఏళ్ల కాగితాల మీద మాత్రం పాత నంబర్లే ఉంటాయి, కంగారు పడొద్దు.

ప్రభుత్వ కాలేజీ అయితే ప్రిన్సిపాల్ పేర సమాచార హక్కు దరఖాస్తు పెట్టవచ్చు. జవాబుకు గడువు 30 రోజులు. కాలేజీ ఖాతాలోకి వచ్చిన చందాలకే అది పనికొస్తుంది. విడిగా రిజిస్టరైన సంఘం "మాకు ఆ చట్టం వర్తించదు" అంటే చాలాసార్లు ఆ మాట నిజమే.

కాలేజీ వెబ్‌సైటులో న్యాక్ (కాలేజీలకు గ్రేడ్లిచ్చే సంస్థ) నివేదిక ఉంటుంది. 5.4 అంశం కింద పూర్వ విద్యార్థుల విరాళం కనబడుతుంది కానీ, అది శ్లాబులో చూపిన అంకె. చాలా కాలేజీల నివేదికల్లో 5 లక్షలు, ఆపైన అన్నదే పై మెట్టు. అయిదు లక్షల కాలేజీ, యాభై లక్షల కాలేజీ అక్కడ సరిసమానం. దాన్ని పట్టుకుని గెలిచామనుకోవద్దు.

కోత పెట్టడం

అసలు పని ఇక్కడుంది. లెక్క అర్థం కావడానికి రెండు కాలేజీలను ఊహిద్దాం. ఒకటి నాగావళి, ఇంకొకటి చంపావతి. పేర్లూ అంకెలూ కల్పితమే.

నాగావళి సంఘానికి ఏడాది వసూళ్లు 18,40,000. చంపావతికి 9,60,000. పైకి చూస్తే నాగావళి దాదాపు రెట్టింపు. ఇప్పుడు పద్దులు విప్పండి. నాగావళిలో టీసీ ఇచ్చేటప్పుడు ఒక్కో విద్యార్థి దగ్గర 500 చొప్పున "అలుమ్ని ఫీజు" కట్టించుకున్నారు. 1,100 మందికి 5,50,000. అది విరాళం కాదు, ఫీజు. కట్టకపోతే టీసీ రాదన్న భయంతో ఇచ్చినదాన్ని అభిమానం ఖాతాలో ఎలా రాస్తాం? ఫిక్స్‌డ్ డిపాజిట్ల వడ్డీ 6,20,000. అది ఎప్పటివాళ్లో ఇచ్చిన సొమ్ము పెట్టిన పిల్లలు. అదీ కొట్టేయండి. మిగిలింది 6,70,000. అందులో 4,00,000 ఒక్కరే ఇచ్చారు. తక్కిన 2,70,000 ఇచ్చింది 90 మంది.

చంపావతిలో వడ్డీ 1,10,000. ఆత్మీయ సమ్మేళనం రిజిస్ట్రేషన్ కింద వచ్చింది 2,40,000. చెల్లింపుల వైపు చూస్తే అదే సమ్మేళనానికి భోజనాలు, షామియానా, జ్ఞాపికలు కలిపి 2,65,000 అయింది. అంటే 25,000 చేతినుంచి పడింది. భోజనానికి కట్టిన డబ్బు చందా కాదు, ఆ పద్దు మొత్తం తీసేయండి. మిగిలిన 6,10,000 ఇచ్చింది 305 మంది, వాళ్లలో అందరికంటే పెద్ద దాతది 50,000.

ఇప్పుడు రెండు వరసలు రాయండి. స్వచ్ఛందంగా వచ్చింది: 6.70 లక్షలు, 6.10 లక్షలు. పెద్ద దాతను పక్కన పెడితే: 2.70 లక్షలు, 5.60 లక్షలు. ఈ రెండో వరసే సంఘం ఆరోగ్యం చెబుతుంది. ఆ ఒక్క దాత వచ్చే ఏడు చేయి వెనక్కి తీస్తే నాగావళి ఎక్కడుంటుందో అందులో కనబడిపోతుంది. పెద్ద దాతను చిన్నబుచ్చమని కాదు. ఆయన పేర ఇంకో గడి పెట్టండి, అంతే.

స్వర్ణోత్సవం జరిగిన ఏడు అంకె ఎగిసిపడుతుంది. అందుకే అయిదేళ్లు. సగటు తీస్తే ఆ ఒక్క ఏడే మొత్తాన్ని పైకి లాగుతుంది. అయిదు అంకెల్నీ చిన్నది మొదలు పెద్దదాకా పేర్చి మూడోది తీసుకోండి.

ఎంత మందిలో ఎంత మంది

ఇచ్చిన వాళ్ల సంఖ్యను దేనితో భాగించాలన్న దగ్గర చాలామంది బోల్తా పడతారు. నాగావళి నుంచి ఇప్పటిదాకా బయటికెళ్లిన వాళ్లు 26,000 అనుకుందాం, ఫోన్ నంబరో చిరునామానో ఉన్నది 7,000 మందికి. 91 మంది దాతలంటే జాబితా మీద 1.3 శాతం, మొత్తం మీద 0.35 శాతం. చంపావతిలో బయటికెళ్లింది 9,000, జాబితాలో 6,100. 305 మంది అంటే 5 శాతం, మొత్తం మీద 3.4. జాబితా ఎంత చిన్నదైతే శాతం అంత పెద్దదవుతుంది. దొరకని వాళ్లను జాబితా నుంచి తీసేసి శాతం పెంచుకునే సంఘాలు ఉంటాయి. రెండు శాతాలూ రాస్తే ఆ ఎత్తు పారదు. అమెరికాలోనూ ఇదే తంటా. అక్కడ ర్యాంకులిచ్చే యూఎస్ న్యూస్ పత్రిక పూర్వ విద్యార్థుల దానశాతాన్ని 2023లో తన లెక్కలోంచి తీసేసింది.

ఇంకో జాగ్రత్త. కొత్త పన్ను విధానంలో 80జీ మినహాయింపు లేదు. రసీదు అడిగే వాళ్లు తగ్గారంటే అభిమానం తగ్గిందని కాదు, ఆ కాగితంతో వాళ్లకు పనిలేదు. పాత విధానంలో ఉన్నవాళ్లకైనా 2,000 మించి నగదుగా ఇస్తే మినహాయింపు రాదు. సభలో డబ్బా తిప్పి వసూలు చేసింది ఎంతో, బ్యాంకు ద్వారా వచ్చింది ఎంతో వేరుగా చూడండి.

విదేశాల్లో ఉన్నవాళ్లు

పాస్‌పోర్టు భారతీయమైతే, డాలస్‌లో ఉన్నా సరే, సొంత డబ్బు బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నాక, భారత సంతతివాళ్లకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా, అది విదేశీ విరాళమే. దాన్ని తీసుకోవాలంటే సంఘానికి ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) కింద రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో ఉండాలి, డబ్బు ముందుగా ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలోని ఖాతాకే రావాలి. ఆ సొమ్మును ఇంకో సంస్థకు మళ్లించకూడదు, ఆఫీసు ఖర్చులు 20 శాతం దాటకూడదు. ఒక సంఘానికి ఆ రిజిస్ట్రేషన్ ఉండి ఇంకోదానికి లేకపోతే, పోల్చేటప్పుడు విదేశీ సొమ్మును వేరే గడిలో చూపాలి. తలుపే తెరవనివాడింటికి చుట్టాలు రాలేదంటే ఎలా? గుర్తుపట్టడానికి ఒక ఉపాయం: వెనకటి ఏళ్ల పన్ను ఆడిట్ నివేదిక మామూలుగా 10బీబీ ఫారంలో ఉంటుంది. ఆదాయం 5 కోట్లు దాటని చిన్న సంఘం 10బీలో వేసిందంటే, ఆ ఏడు విదేశీ సొమ్ము వచ్చిందేమో అడగాలి.

ఆటల పద్దు

పోటీ మొదలైంది ఆటల్లోనే కనుక క్రీడలకని ఇచ్చినది విడిగా రాయండి. డబ్బు కాక వస్తువు ఇస్తే దాని విలువ సభలో చెప్పిన నోటిమాటను బట్టి కాదు, బిల్లును బట్టి వేయాలి. కబడ్డీ మ్యాట్ తీసుకోండి. పురుషుల కోర్టు 13 మీటర్లు, 10 మీటర్లు. మీటరు పలకలైతే కోర్టుకే 130 కావాలి. మహిళల కోర్టు 12కి 8, అంటే 96. "పూర్తి మ్యాట్ ఇచ్చాం" అన్న బిల్లులో 96 పలకలే ఉంటే పురుషుల కోర్టుకు 34 తక్కువ. జెర్సీల మీద దుకాణం పేరుంటే అది ప్రకటన, విరాళం కాదు. అమెరికా కాలేజీ ఆటల్లో మంచి సీటు కొనే హక్కు కోసం ఇచ్చిన డబ్బుకు పన్ను మినహాయింపు 2018 నుంచి ఎత్తేశారు. ప్రతిఫలం ముట్టినది దానం కాదన్న సూత్రమే అక్కడా.

గెలిచిన ఏడు చందాలు పెరిగాయా అని చూడాలనుకుంటే, లెక్కలు ఏప్రిల్ నుంచి మార్చి దాకా అని మరవొద్దు. ఫిబ్రవరిలో కప్పు గెలిస్తే దాని ఊపు తరవాతి ఏటి పద్దులో పడుతుంది.

పట్టిక తయారయ్యాక బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో వేసే ముందు అవతలి సంఘం కోశాధికారికి పంపి వారం గడువివ్వండి. ఎక్కువగా వచ్చే అభ్యంతరం ఒకటే: "బంగారు పతకం కోసం ఇచ్చిన 50,000 మీరు కలపలేదు." ఆ సొమ్ము సంఘం ఖాతాలో కాక కాలేజీ పేర డిపాజిట్‌లో ఉంటుంది, అందుకే మీ కంట పడలేదు. డిపాజిట్ రసీదు నకలు అడిగి, ఇచ్చిన ఏడు అసలును ఒక్కసారే వేయండి. ఏటా వచ్చే వడ్డీతో పతకం కొంటారు, దాన్ని మళ్లీ కలపొద్దు.