స్టెంట్ వేశాక ఇచ్చే జంట మాత్రను జాగ్రత్తగా వాడటం ఎలా?

గుండెకు స్టెంట్ వేయించుకుని ఇంటికొచ్చేవారిలో చాలామందికి ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ కలిపి రాస్తారు. కొందరికి విడివిడి మాత్రలుగా ఇస్తారు, ఎక్కువమందికి రెండూ కలిసిన ఒకే గుళిక ఉంటుంది. స్వల్పంగా పక్షవాతం వచ్చి తగ్గినవారికీ కొన్నాళ్ళపాటు ఇదే జంట ఇస్తారు. ఈ మందు విషయంలో ఇంట్లో జరిగే పొరపాట్లలో నన్ను బాగా భయపెట్టేవి రెండు. ఒకటి, ఎవరినీ అడక్కుండా మాత్ర ఆపేయడం. రెండోది, తెలియకుండా ఒకే మందును రెండు పేర్లతో వేసుకోవడం.

మాత్ర ఏం చేస్తుందో తెలిస్తే ఈ భయం ఎందుకో అర్థమవుతుంది. రక్తంలోని ప్లేట్‌లెట్లు గాయమైన చోట ఒకదానికొకటి అతుక్కుని గడ్డ కడతాయి. స్టెంట్ అనేది లోహపు జాలీ. రక్తనాళపు లోపలి పొర దానిమీదికి పెరిగి పూర్తిగా కప్పేదాకా ప్లేట్‌లెట్లు దాన్ని గాయంగానే చూస్తాయి. అతుక్కోవడానికి వాటికి అవసరమైన థ్రాంబాక్సేన్ అనే పదార్థం తయారవకుండా ఆస్పిరిన్ ఆపుతుంది. వాటిమీద ఉండే పీ2వై12 అనే గ్రాహకాన్ని క్లోపిడోగ్రెల్ మూసేస్తుంది. రెండు దారులూ వేరు కాబట్టే రెండు మందులూ కావాలి. మాత్ర పడిన ప్లేట్‌లెట్ మళ్ళీ మామూలుగా పనిచేయదు. దాని ఆయుష్షు 7 నుంచి 10 రోజులు. అందుకే మాత్ర ఆపినా ప్రభావం కొన్ని రోజులు నిలుస్తుంది. ఆ తర్వాత పుట్టిన కొత్త ప్లేట్‌లెట్లకు మాత్రం ఏ అడ్డూ ఉండదు. తొలి నెలల్లో మాత్ర మానేస్తే స్టెంట్ లోపలే గడ్డ కట్టి గుండెపోటు రావచ్చు.

1. షీటు వెనక రాసిన మందుల పేర్లు చదవండి

బ్రాండు పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది, అసలు మందు చిన్నక్షరాల్లో ఉంటుంది. మీరు చదవాల్సింది ఆ చిన్నక్షరాలే. క్లోపిటాబ్ ఎ లాంటి గుళికలో ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ ఉంటాయి. ఎకోస్ప్రిన్ అంటే ఒట్టి ఆస్పిరిన్. ఎకోస్ప్రిన్ ఏవీలో ఆస్పిరిన్‌తో పాటు కొలెస్టరాల్ తగ్గించే అటోర్వాస్టాటిన్ ఉంటుంది, క్లోపిడోగ్రెల్ ఉండదు. ఎకోస్ప్రిన్ గోల్డ్‌లో ఈ మూడూ ఉంటాయి. ఒకే పేరు వెనక తోక మారితే మందే మారిపోతోందన్నమాట. ఇంట్లో మిగిలిన పాత ఎకోస్ప్రిన్‌ను కొత్త జంట గుళికతో కలిపి వేసుకుంటే ఆస్పిరిన్ మోతాదు రెట్టింపవుతుంది. ఏవీని గోల్డ్ అనుకుని తెచ్చుకుంటే క్లోపిడోగ్రెల్ పూర్తిగా తప్పిపోతుంది.

సాధారణంగా ఆస్పిరిన్ 75 మి.గ్రా., క్లోపిడోగ్రెల్ 75 మి.గ్రా. ఉంటాయి. ఆస్పిరిన్ 150 ఉన్న రకాలూ దొరుకుతాయి. షాపులో వేరే కంపెనీది ఇస్తే తప్పేమీ లేదు, జనరిక్ అయినా పరవాలేదు. మందుల పేర్లు, మి.గ్రా.లు చీటీతో సరిపోలితే చాలు. కొత్త షీటు కొన్నప్పుడు పాతదాన్ని ఇంట్లోంచి తీసేయండి.

2. ఎప్పుడు ఆపాలో, ఆపాక ఏది కొనసాగించాలో రాయించుకోండి

గుండెపోటు వచ్చి స్టెంట్ వేస్తే జంట మందు సాధారణంగా 12 నెలలు వాడమంటారు. గుండెపోటు లేకుండా ముందే అనుకుని వేసిన స్టెంట్‌కు తరచుగా 6 నెలలు. రక్తస్రావం ముప్పు ఎక్కువున్నవారికి ఇంకా తగ్గిస్తారు. స్వల్ప పక్షవాతానికి చాలాసార్లు 21 రోజులే. పక్షవాతం వచ్చినవారు ఈ జంటను ఏళ్ళ తరబడి మింగితే లాభం పెరగదు, రక్తస్రావం ముప్పు మాత్రం పెరుగుతుంది. మీ గడువు మీ డాక్టరే చెప్పాలి. నోటిమాటగా వదిలేయకుండా తేదీ వేయించుకోండి.

ఇక్కడే ఒక చిక్కుంది. గడువయ్యాక ఆపేది సాధారణంగా రెండింటిలో ఒక మందునే. రెండోది, చాలామందికి ఆస్పిరిన్, జీవితాంతం కొనసాగుతుంది. కానీ రెండూ ఒకే గుళికలో ఉన్నవారు ఆ గుళిక మానేస్తే రెండూ ఒక్కసారే ఆగిపోతాయి. "ఈ గుళిక ఆపాక దాని బదులు ఏది వేసుకోవాలి?" అని తప్పకుండా అడగండి.

3. రోజూ ఒకే వేళకు, భోజనం తర్వాత

క్లోపిడోగ్రెల్‌కు తిండితో పట్టింపు లేదు. ఆస్పిరిన్ కడుపులో మంట పుట్టిస్తుంది కాబట్టి జంట గుళికను తిన్నాక వేసుకోవడం మేలు. నమలకండి, నలపకండి, గుళిక విప్పి పొడి కలుపుకోకండి. ఉపవాసం ఉన్న రోజున కూడా మాత్ర మానకూడదు. శివరాత్రి అయినా, రంజాన్ నెల అయినా వేళ ఎలా మార్చుకోవాలో ముందే డాక్టరును అడిగి పెట్టుకోండి.

మర్చిపోయి 12 గంటలు దాటకపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకోండి. దాటితే వదిలేసి మర్నాడు మామూలు వేళకే వేసుకోండి. రెండు కలిపి మాత్రం వద్దు. క్లోపిడోగ్రెల్ బదులు టికాగ్రెలార్ రాస్తే అది రోజుకు రెండుసార్లు వేసుకోవాల్సిన మందు. దాంతో కొందరికి ఆయాసంగా ఉంటుంది. భయపడి మానేయకుండా డాక్టరుకు చెప్పండి.

4. నొప్పి మాత్రలు, గ్యాస్ మాత్రల దగ్గర ఆగండి

మన ఊళ్ళలో అసలు ప్రమాదం ఇక్కడుంది. మోకాళ్ళ నొప్పులని వెళితే డైక్లోఫినాక్ సూది పొడుస్తారు. మెడికల్ షాపులో అడిగితే అసిక్లోఫినాక్ ఇస్తారు. ఇంట్లో కాంబిఫ్లామ్ ఉండనే ఉంటుంది, అందులో ఐబుప్రొఫెన్ ఉంది. జంట మాత్ర వాడేవారు ఇవి వేసుకుంటే కడుపులో పుండు పడి రక్తం కారే ముప్పు బాగా పెరుగుతుంది. పైగా ఐబుప్రొఫెన్ ఆస్పిరిన్ పనికే అడ్డం పడగలదు. ఒళ్ళునొప్పులకూ జ్వరానికీ పారాసెటమాల్ నయం, అదీ చెప్పిన మోతాదులోనే. సూది పట్టుకున్న మనిషి ఎవరైనా సరే, "నాకు స్టెంట్ ఉంది, రెండు మందులు వాడుతున్నాను" అనే మాట ముందు చెప్పాలి.

కడుపు కాపాడటానికి డాక్టరే గ్యాస్ మాత్ర రాస్తే మానకండి. అయితే ఒమెప్రజోల్, ఇసోమెప్రజోల్ క్లోపిడోగ్రెల్ పనిని తగ్గిస్తాయి, ఎందుకంటే దాన్ని కాలేయంలో పనిచేసే రూపానికి మార్చే ఎంజైమును అవి అడ్డుకుంటాయి. అందుకే చాలాసార్లు పాంటాప్రజోల్ రాస్తారు. షాపతను "అన్నీ ఒకటే" అని వేరే గ్యాస్ మందు ఇస్తే తీసుకోకండి. వెల్లుల్లి గుళికలు, చేపనూనె గుళికలు, ఆకుల మందులు వాడుతుంటే అవీ డాక్టరుకు చెప్పండి. బీపీ అదుపులో ఉంచుకోవడం కూడా ఈ మందు జాగ్రత్తలో భాగమే. బీపీ ఎక్కువుంటే మెదడులో రక్తస్రావం ముప్పు పెరుగుతుంది.

5. పన్ను పీకించాలన్నా, ఆపరేషన్ అన్నా

చాలావరకు పన్ను పీకడానికి మాత్ర ఆపనక్కర్లేదు. గాజుగుడ్డ నొక్కిపెట్టి, కుట్టు వేసి రక్తం ఆపుతారు. పెద్ద ఆపరేషన్లకు క్లోపిడోగ్రెల్‌ను సాధారణంగా 5 రోజుల ముందు ఆపుతారు, ఆస్పిరిన్‌ను తరచుగా కొనసాగిస్తారు. ఆ నిర్ణయం గుండె డాక్టరూ ఆపరేషన్ చేసే డాక్టరూ మాట్లాడుకుని తీసుకోవాలి. స్టెంట్ వేసిన తొలి నెలల్లో, ఆగగలిగే ఆపరేషన్ ఏదైనా వాయిదా వేయడమే మంచిది.

6. డెంగీ కాలంలో

జ్వరమొస్తే రెండోరోజుకల్లా సీబీపీ, అంటే రక్తకణాల లెక్క తేల్చే రక్తపరీక్ష, చేయించుకోండి. ఈ మందు ప్లేట్‌లెట్లను అతుక్కోనివ్వదు గానీ వాటి సంఖ్యను సాధారణంగా తగ్గించదు. డెంగీ సంఖ్యనే తగ్గిస్తుంది. రెండూ కలిస్తే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. అలాగని మీరే మాత్ర మానకండి. రిపోర్టు అదే రోజు గుండె డాక్టరుకు చూపించండి. ప్లేట్‌లెట్లు ఎంతకు తగ్గితే ఏ మందు ఆపాలో చెప్పాల్సింది ఆయనే.

7. ఏ రక్తానికి ఆగాలి, ఏ రక్తానికి పరుగెత్తాలి

చేతుల మీద చిన్న నల్లమచ్చలు, బ్రష్ చేసినప్పుడు చిగుళ్ళలో కొద్దిగా రక్తం మామూలే. తర్వాతిసారి వెళ్ళినప్పుడు చెప్పండి. తెగితే శుభ్రమైన గుడ్డతో 10 నిమిషాలు తీసి చూడకుండా నొక్కిపట్టండి. ముక్కునుంచి కారితే తల ముందుకు వంచి మెత్తటి భాగాన్ని అంతసేపే నొక్కండి. మొలల నుంచి రక్తం, నెలసరిలో ఎన్నడూ లేనంత ఎక్కువగా పోవడం లాంటివి ఉంటే నాలుగు రోజులు చూద్దామనుకోకుండా డాక్టరును కలవండి.

తారులా నల్లగా జిగటగా విరేచనమైనా, కాఫీ పొడి రంగులో వాంతి అయినా, మూత్రం ఎర్రగా వచ్చినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. ఐరన్ మాత్రలు వాడినా విరేచనం నల్లగా వస్తుంది, కానీ అదే కారణమని మీకై మీరు తేల్చుకోకండి. తలకు దెబ్బ తగిలితే పైకి గాయం లేకపోయినా చూపించుకోవాలి, బాత్రూములో జారిపడ్డా సరే. ఉన్నట్టుండి విపరీతమైన తలనొప్పి, మూతి వంకర పోవడం, చేయి పడిపోవడం, మళ్ళీ ఛాతీ నొప్పి వస్తే 108కి ఫోన్ చేయండి. వెళ్ళేటప్పుడు మాత్రల షీటు, డిశ్చార్జి కాగితాలు వెంట తీసుకెళ్ళండి. చివరి మాత్ర ఎన్ని గంటలకు వేసుకున్నారో తోడు వెళ్ళేవారికి తెలిసి ఉండాలి.