డాలస్ అపార్ట్‌మెంట్‌లో మీ డెస్క్‌టాప్‌కి గాలి ఆడాలంటే

డాలస్ వైపు కొత్తగా వచ్చినవాళ్లలో చాలామంది మొదటి డెస్క్‌టాప్ సెకండ్ హ్యాండ్‌దే కొంటారు. మే నెలలో చదువు అయిపోయి ఊళ్లు మారేవాళ్లు అమ్మేసి వెళ్తుంటారు, ధర కలిసొస్తుంది. జూన్‌లో ఎండలు ముదిరాక నాకు ఫోన్లు మొదలవుతాయి: "అన్నా, సిస్టమ్ కాలిపోతోంది, ఏ ఫ్యాన్లు కొనమంటావ్?" ఒక్కొక్కరికీ విడిగా చెబుతున్నది ఇక్కడ అందరికీ కలిపి రాస్తున్నాను.

ఫ్యాన్ల సంగతి తర్వాత. ముందు ఆ పెట్టె ఎక్కడ పెట్టారో చూడండి. ఇక్కడి అపార్ట్‌మెంట్లలో పడగ్గదుల్లో ఎక్కువగా కార్పెట్టే ఉంటుంది. మన ఇళ్లలో గచ్చు మీద పెట్టిన అలవాటుతో ఇక్కడా నేల మీదే పెట్టేస్తాం. ఇప్పటి కేసుల్లో (అంటే మన క్యాబినెట్లలో) పవర్ సప్లై, అదే ఎస్ఎంపీఎస్, అడుగున ఉండి, దాని ఫ్యాన్ సాధారణంగా కిందనుంచి గాలి లాక్కుంటుంది. కాళ్లు కార్పెట్‌లోకి దిగబడితే ఆ దారి మూసుకుపోయినట్టే. నా మొదటి సిస్టమ్‌ని మూడు నెలలయ్యాక పక్కకి ఒరిగించి చూస్తే, అడుగున దుమ్ము ఆపే జల్లెడ కనబడనే లేదు. కార్పెట్ రంగు నూగు మందంగా పేరుకుని, గోటితో అంచు పట్టి లాగితే రొట్టెలా ఒకే పొరగా ఊడివచ్చింది. దుకాణంలో ఒక చెక్క పలక కొని కింద వేశాను. ఫ్యాన్లకి పైసా ఖర్చు కాకుండానే మోత తగ్గింది.

రెండోది వంటగది. ఇక్కడ వంటగదీ హాలూ చాలాచోట్ల ఒకటే. పొయ్యి పైనున్న మైక్రోవేవ్ ఫ్యాన్ చాలా అపార్ట్‌మెంట్లలో పొగని బయటికి పంపదు, ఓ ఫిల్టర్ గుండా తిప్పి మళ్లీ గదిలోకే వదులుతుంది. రోజూ పోపు పెట్టే ఇల్లయితే ఆ నూనె ఆవిరి కంప్యూటర్ ఫ్యాన్ రెక్కలకి జిగురులా పడుతుంది. దాని మీద అతుక్కున్న దుమ్ము, శుభ్రం చేయడానికి డబ్బాలో అమ్మే గాలి కొట్టినా వదలదు. అందుకే సిస్టమ్‌ని హాల్లో కాక పడగ్గదిలో పెట్టుకోమంటాను. రూమ్మేట్స్‌తో హాలే పంచుకోవాల్సి వస్తే, కనీసం పొయ్యికి దూరపు మూల ఎంచుకోండి.

ఇవి సరిచేశాక కూడా వేడెక్కుతుంటే ఒక పరీక్ష చేయండి. ఉష్ణోగ్రత చూపించే ఉచిత ప్రోగ్రామ్ ఏదైనా పెట్టుకుని, అరగంట గేమ్ ఆడి అంకె రాసుకోండి. తర్వాత పక్క ప్యానెల్ తీసేసి అదే గేమ్ మళ్లీ అరగంట. ఏడెనిమిది డిగ్రీలో అంతకన్నా ఎక్కువో తగ్గితే కేసులో గాలి ఆడట్లేదని అర్థం, ఫ్యాన్లు కొంటే పని చేస్తాయి. ఒకటి రెండు డిగ్రీలే తగ్గితే చూడాల్సింది ప్రాసెసర్ మీది కూలర్‌నీ ఆ రెంటి మధ్య వేడి దాటడానికి పూసే, ఎండిపోయిన థర్మల్ పేస్ట్‌నీ. ఎన్ని ఫ్యాన్లు తగిలించినా ఆ వేడి దిగదు. ఇంకో మాట: ఫ్యాన్ గది గాలినే లోపలికి తెస్తుంది, దాన్ని చల్లబరచదు. కరెంటు బిల్లు కోసం ఏసీ 78 ఫారెన్‌హీట్ దగ్గర పెట్టుకుంటే అది మన సెల్సియస్ లెక్కలో దాదాపు 25.5 డిగ్రీలు, లోపల వేడి దానికి పైనే ఉంటుంది. అంకె చూసి వెంటనే కంగారుపడకండి కూడా. ఏఎండీ కంపెనీ రైజెన్ 7000 వరసలో చాలా ప్రాసెసర్లు గట్టి పనిలో 95 డిగ్రీల దాకా వెళ్లేలానే తయారయ్యాయి.

కొనడానికి వెళ్తే మాటలు కాస్త మారతాయి. మనం క్యాబినెట్ అనేదాన్ని ఇక్కడ కేస్ అనాలి, క్యాబినెట్ అంటే వంటింటి అల్మరా అనుకుంటారు. ఎస్ఎంపీఎస్ అంటే అర్థం కాదు, పవర్ సప్లై అనండి. ఈ ఊళ్లో మైక్రో సెంటర్ అనే కంప్యూటర్ దుకాణం ఉండటం మన అదృష్టం, ఫ్యాన్ చేత్తో పట్టుకుని చూసి కొనుక్కోవచ్చు. వెళ్లేముందు కేసులో స్క్రూ రంధ్రాల మధ్య దూరం కొలవండి: 105 మిల్లీమీటర్లుంటే 120 సైజు ఫ్యాన్, 124.5 ఉంటే 140 సైజు. రెండూ పట్టే కేసైతే 140 తీసుకోండి, అంతే గాలిని నెమ్మదిగా తిరుగుతూ ఇస్తుంది. వేగం రెట్టింపైతే మోత సుమారు 15 డెసిబెల్స్ పెరుగుతుంది. అందుకే హోరెత్తించే ఒక ఫ్యాన్ కన్నా నెమ్మదిగా తిరిగే రెండు నయం, అందులోనూ గోడలు పలచగా ఉండే అపార్ట్‌మెంట్‌లో.

పెట్టె మీద రెండు అంకెలుంటాయి. సీఎఫ్ఎం అంటే నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి అని. స్టాటిక్ ప్రెషర్ అంటే అడ్డు ఉన్నా ఎంత బలంగా తోస్తుందని. ఫ్యాన్ ముందు జల్లెడో, నీటితో చల్లబరిచే కూలర్ తాలూకు రేడియేటరో ఉంటే రెండోది చూడాలి. ఆర్కటిక్ పీ12 లాంటిది ఆ రెంటికీ సరిపోతుంది, ధర కూడా భారం కాదు, ఐదు కలిపిన ప్యాక్ కూడా వస్తుంది. నాక్టువా గోధుమరంగు ఫ్యాన్లు మరింత నిశ్శబ్దం, ఆరేళ్ల వారంటీ, కానీ మొదటి సెమిస్టర్ జేబుకి అవి అక్కర్లేదు. రంగురంగుల లైట్ల కోసం అదనంగా పెట్టే డబ్బుతో ఇంకో మంచి ఫ్యాన్ వస్తుంది. కనెక్టర్ నాలుగు పిన్నులది, అంటే పీడబ్ల్యూఎం రకం తీసుకోండి, వేగం చక్కగా అదుపులో ఉంటుంది. మదర్‌బోర్డ్ మీది ఒక్కో ఫ్యాన్ హెడర్, అంటే ఫ్యాన్ వైరు గుచ్చే చోటు, మామూలుగా ఒక ఆంపియర్ వరకే ఇస్తుంది. స్ప్లిటర్ వైరుతో ఒకే హెడర్‌కి రెండు మూడు ఫ్యాన్లు కలిపే ముందు ఫ్యాన్ల మీద రాసిన ఆంపియర్లు కూడుకోండి.

ముందు రెండు లోపలికి, వెనక ఒకటి బయటికి: మామూలు సిస్టమ్‌కి ఇంతే చాలు. లోపలికి వచ్చేది కాస్త ఎక్కువుంటే సందుల్లోంచి దుమ్ము దూరదు. ఫ్యాన్ ఏ వైపు ఊదుతుందో తెలియకపోతే, మోటార్‌ని పట్టుకున్న ప్లాస్టిక్ కడ్డీలున్న వైపుకి గాలి పోతుంది. మొన్న ఓ తమ్ముడు కొన్న పాత సిస్టమ్‌లో ముందున్నదీ వెనకున్నదీ రెండూ బయటికే ఊదుతున్నాయి. టిష్యూ ముక్క ముందు ప్యానెల్ దగ్గర పట్టుకుంటే లోపలికి అతుక్కోవాల్సింది ఎగిరి నా చేతి మీదికి వచ్చింది. ముందు ఫ్యాన్ విప్పి తిప్పి బిగించాం, నాలుగు స్క్రూల పని.

ఇండియా నుంచి సిస్టమ్ తెచ్చుకున్నవాళ్లు ఫ్యాన్ల వోల్టేజీ గురించి దిగులుపడకండి, అవి ఎక్కడైనా 12 వోల్టులవే. పవర్ సప్లై మీద 100–240 అని ఉంటే ప్లగ్ మారిస్తే చాలు. పాత రకానికి వెనక ఎర్ర స్విచ్ ఉంటే, కరెంటు తీసేసి 115కి మార్చండి.

శుభ్రం చేసేటప్పుడు కరెంటు తీసేసి, రెక్కని వేలితో పట్టుకునే గాలి కొట్టండి. అడ్డగోలుగా తిరగనిస్తే బేరింగ్ పాడవుతుంది. చలికాలంలో హీటర్ వల్ల గది ఎండిపోయి కార్పెట్ మీద నడిస్తేనే వేళ్లకి చిటుక్కుమని షాక్ కొడుతుంది, లోపల చెయ్యి పెట్టేముందు కేసు ఇనుమును ఓసారి తాకండి. జల్లెడలు గిన్నెల సబ్బుతో కడిగి, తడి పూర్తిగా ఆరాకే పెట్టాలి. నేను నెలనెలా అద్దె కట్టే రోజునే ఈ పని పెట్టుకుంటాను, మర్చిపోయే ప్రసక్తే ఉండదు.