నల్లగొండ ఎండకు తగ్గ తొండ: ఇంటిల్లిపాదీ కలిసి పెంచే పద్ధతి

నల్లగొండలో మే నెలను తట్టుకునే జీవినే తెచ్చుకోండి. రంగు, ధర, పిల్లల మారాం అన్నీ దాని తర్వాతే.

నాది ప్రకాశం బజారు దగ్గర మోటర్ వైండింగ్ షాపు. వెనకే ఇల్లు. కాలిన మోటర్లు తెచ్చే రైతులు మా ముందు గదిలో బియర్డెడ్ డ్రాగన్ అనే విదేశీ తొండ ఉన్న అద్దాల ట్యాంకు చూసి "ఏందన్నా, తొండను పెంచుతున్నవా?" అని నవ్వుతారు. నవ్విన వాళ్లే కొందరు తర్వాత ఫోన్ చేసి "మా పిల్లగాడు గూడ అడుగుతున్నడు, ఎట్ల పెంచాలె?" అంటారు. ఒక్కొక్కరికి చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను.

ముందు చట్టం సంగతి. గుట్టల్లో, చేలల్లో దొరికే ఉడుమును, ఊసరవెల్లిని పట్టి తెచ్చి పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఉడుమైతే పులితో పాటు మొదటి షెడ్యూల్‌లోనే ఉంది. ఉడుం పిల్లను తెచ్చిస్తానని ఎవరన్నా అంటే అక్కడే వద్దని చెప్పేయండి. కంచె మీద తలాడించే మామూలు తొండను కూడా పట్టకండి. బయట తిరిగిన జీవి పెట్టెలో బెదిరి తిండి మానేస్తుంది, దాని కడుపులో పురుగులూ ఉంటాయి.

విదేశీ జాతులకు వేరే లెక్క ఉంది. ఆ చట్టానికి చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. వన్యప్రాణుల వ్యాపారంపై సైటీస్ అనే అంతర్జాతీయ ఒప్పందం ఒకటుంది కదా, దాని జాబితాలో ఉన్న జంతువులను అప్పుడు నాలుగో షెడ్యూల్‌లో చేర్చారు. అవి ఇంట్లో ఉంటే 2024 నిబంధనల ప్రకారం కేంద్రం వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. పిల్లలు పుట్టినా, జీవి చనిపోయినా, ఇంకొకరికి ఇచ్చినా తెలియజేయాలి. కొనే ముందు దాని శాస్త్రీయ నామం షాపు వాళ్లతో రాయించుకొని, జిల్లా అటవీ శాఖ ఆఫీసులో చూపించి అడగండి. బిల్లు ఇవ్వని షాపు గడప దిగేయండి.

ఇక ఏది తేవాలి? హైదరాబాద్ షాపుల్లో పిల్లలు ఎక్కువగా మనసు పడేది ఆకుపచ్చ ఇగ్వానా మీద. చేతిలో పట్టేంత ఉన్నప్పుడు ముద్దుగానే ఉంటుంది. పెరిగితే తోకతో కలిపి ఐదు అడుగుల పైనే. దానికి గది కావాలి, పెట్టె కాదు. తోకతో కొడితే వాత తేలుతుంది. సైటీస్ జాబితాలో కూడా ఉంది. రెండు బెడ్‌రూముల ఇంటికి అది కుదిరే పని కాదు.

క్రెస్టెడ్ గెకో అనే బల్లి పసిఫిక్‌లోని న్యూ కాలెడోనియా దీవులది. అక్కడి వాతావరణం చల్లన. గది 28 డిగ్రీలు దాటితే అది ఇబ్బంది పడుతుంది. మన దగ్గర ఫిబ్రవరి నుంచే రోజంతా ఏసీ వేస్తే తప్ప బతకదు. లెపర్డ్ గెకో సాధువే, చిన్నదే, ఎడారి బాపతే. కానీ దాని అడవి జాతి అఫ్గానిస్తాన్, పాకిస్తాన్ మీదుగా మన వాయవ్య సరిహద్దు దాకా ఉంది. మన దేశంలో ఉండే జీవిని పెంచితే రేపు ఎవరన్నా అడిగినప్పుడు జవాబు చెప్పుకోవాల్సింది మనమే. నేనైతే ఆ టెన్షన్ పెట్టుకోను. పైగా అది రాత్రిపూట తిరిగే జీవి, పిల్లలు మేలుకొని ఉన్నంతసేపు పడుకునే ఉంటుంది.

మిగిలింది బియర్డెడ్ డ్రాగన్. మా ఇంట్లో ఉన్నది అదే, పేరు మల్లిగాడు. ఆస్ట్రేలియా మెట్ట భూముల జీవి. ఆ దేశం దాన్ని వ్యాపారానికి బయటికి పంపనివ్వదు కాబట్టి బజారులో ఉండాల్సింది ఫారాల్లో పుట్టినవే. పగలు మేలుకొని ఉంటుంది, మూర నుంచి మూరంబావు పొడవు పెరుగుతుంది, చేతి మీద కుదురుగా కూర్చుంటుంది. కోపం వస్తే గడ్డం కింద చర్మం ఉబ్బించి నల్లగా చేస్తుంది. ఆయుష్షు పది, పదిహేనేళ్లు. మా బిడ్డ ఇప్పుడు ఎనిమిదో తరగతి. ఇంటర్‌కు హాస్టల్‌కు పోతే దీన్ని చూసేదెవరని తెచ్చే ముందే మాట్లాడుకున్నాం. జవాబు నేనే. మీ ఇంట్లో ఆ ప్రశ్నకు పెద్దవాళ్లెవరూ చెయ్యెత్తకపోతే తేవద్దు. విసుగొచ్చాక గుట్టల్లో వదిలేద్దామన్న ఆలోచన అసలే వద్దు.

షాపులో తొందరపడకండి. కళ్లు నిండుగా, పూర్తిగా తెరిచి ఉన్నాయా? కాలి వేళ్లు, గోళ్లు లెక్కపెట్టండి. కుబుసం వేళ్లకు చుట్టుకొని బిగుసుకుంటే రక్తం ఆడక వేళ్లు రాలిపోతాయి. తోక మొదట్లో తుంటి ఎముకలు పొడుచుకొని కనిపిస్తే అది పస్తులున్న జీవి. దవడను పక్క నుంచి చూడండి. మెత్తబడి వంగినట్టున్నా, నడిచేటప్పుడు పొట్ట నేలకు ఈడుస్తున్నా, కాళ్లు వణుకుతున్నా కాల్షియం లోపంతో ఎముకలు మెత్తబడ్డాయన్నమాట. జాలిపడి తెచ్చుకుంటే వైద్యం ఖర్చు మీదే. మల విసర్జన చోటు శుభ్రంగా ఉండాలి. చివరగా, మీ ముందే ఒక పురుగు వేయమనండి. ఆరోగ్యంగా ఉన్నది తల తిప్పి, గురి చూసి, నాలుకతో టక్కున అందుకుంటుంది. వేలెడంత పిల్ల వద్దు, జానెడైనా పెరిగినది తీసుకోండి. ఒక్కటే తీసుకోండి. రెండు మగవి ఒకచోట ఉంటే కొట్టుకుంటాయి, ఆడ మగ ఉంటే గుడ్ల బాధ.

ట్యాంకు నాలుగు అడుగుల పొడవు, రెండు అడుగుల వెడల్పు, రెండు అడుగుల ఎత్తు ఉండాలి. అక్వేరియం చేసేవాళ్లే చేసిస్తారు. తలుపు ముందు వైపు పెట్టించండి. పై నుంచి చెయ్యి దిగితే గద్ద వాలినట్టు బెదురుతుంది. గాలి ఆడటానికి జాలీ, పిల్లి తెరవకుండా గొళ్లెం ఉండాలి. అడుగున ఇసుక వేయకండి, తిండితో పాటు మింగి పేగు అడ్డం పడుతుంది. నేను షాబాద్ బండ ముక్క కోయించి పరిచాను. తుడవటం తేలిక, గోళ్లు అరుగుతాయి, ఎండాకాలం చల్లగా ఉంటుంది. బండలు కోసే వాళ్ల దగ్గర తునకలు అడిగితే సంతోషంగా ఇస్తారు.

వేడి గురించి కాస్త ఎక్కువే చెప్తాను, నా పని అదే కాబట్టి. ట్యాంకులో ఒక కొన వేడిగా, ఇంకో కొన చల్లగా ఉండాలి. ఈ జీవికి ఒంట్లో సొంత వేడి పుట్టదు, తనకు కావాల్సినంత తీసుకొని పక్కకు జరుగుతుంది. ఎండ కాచుకునే రాయి పైన 38 నుంచి 42 డిగ్రీలు, చల్లని కొనలో 25 నుంచి 28 దాకా ఉంటే సరి. వేడి కొనకు హాలోజన్ బల్బు చాలు. హోల్డర్ మాత్రం పింగాణీది పెట్టండి, ప్లాస్టిక్‌ది కొన్నాళ్లకు మెత్తబడి జారిపోతుంది. బల్బు చుట్టూ జాలీ బిగించండి. కరెంటుతో వేడెక్కే రాళ్లు అమ్ముతారు, వాటి జోలికి పోకండి. పొట్ట కాలుతున్నా ఈ జీవికి వెంటనే తెలియదు.

మన దగ్గర వోల్టేజీ ఒక తీరుగా ఉండదు. 230 నుంచి 200కు పడితే ఫిలమెంట్ బల్బు వేడి దాదాపు ఐదో వంతు తగ్గిపోతుంది. సాయంత్రం మోటర్లన్నీ నడిచే వేళకు రాయి మీద తేడా బాగా కనిపిస్తుంది. అందుకే వేడిని బట్టి బల్బును తనే తగ్గించి పెంచే డిమ్మర్ థర్మోస్టాట్ పెట్టి, దాని సెన్సార్ వైరును రాయి పక్కనే గట్టిగా బిగించాలి. వైరు ఊడి చల్లని కొనకు జారితే, థర్మోస్టాట్ ఇంకా చల్లగా ఉందనుకొని బల్బును మండిస్తూనే ఉంటుంది. రోజూ పొద్దున ఆ వైరును ఒకసారి వేలితో లాగి చూడండి. బేరింగ్ వేడి చూసే గన్ థర్మామీటర్‌తోనే నేను రాయి వేడి చూస్తాను. ట్యాంకుకు అతికించే గుండ్రటి మీటర్లు గాలి వేడి చెప్తాయి, రాయి వేడి చెప్పవు. ఈ లైను మొత్తానికి ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే స్విచ్ ఉండాలి, ఎర్తింగ్ ఉండాలి. నీళ్ల గిన్నె, కరెంటు, పిల్లల చేతులు మూడూ ఒక్క చోటే కదా.

మేలో 44, 45 ఉన్నప్పుడు మధ్యాహ్నం బల్బు ఆపేయాలి. రాయి దానంతటదే కాగి ఉంటుంది, కావాల్సింది చల్లని కొన. ట్యాంకు కింది అంతస్తులో, పడమటి గోడకు దూరంగా పెట్టండి. రేకుల గదిలో వద్దే వద్దు. గదిలో కూలర్ నడవనివ్వండి కానీ గాలి నేరుగా ట్యాంకులోకి కొట్టకూడదు. కరెంటు పోతే గడ్డకట్టిన నీళ్ల సీసాకు తువ్వాలు చుట్టి చల్లని కొన జాలీ మీద పెడతాం. రాయి మీద కూర్చొని నోరు తెరిచి ఉండటం మామూలే. చల్లని కొనకు వచ్చి కూడా నోరు తెరిచి ఎగపోస్తుంటే అది వడదెబ్బ. గదిలో ఉంచిన మామూలు నీళ్లతో ఒళ్లు తడిపి, డాక్టర్‌కు ఫోన్ చేయండి. ఐసు నీళ్లు పోయకండి. చలికాలం సులువు. రాత్రి గది 18 కంటే దిగినప్పుడే వెలుతురు లేని సెరామిక్ హీటర్ కావాలి.

యూవీబీ ట్యూబ్, అంటే ఎండలో ఉండే ఒక రకం కంటికి కనిపించని కిరణాలు ఇచ్చే ట్యూబ్ తప్పనిసరి. దాంతోనే ఒంట్లో డీ విటమిన్ తయారై కాల్షియం ఎముకకు పడుతుంది. కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండలో యూవీబీ ఉండదు. ట్యూబ్ వెలుగుతూనే ఉన్నా దాని శక్తి తగ్గిపోతుంది, డబ్బా మీద రాసిన గడువుకు మార్చండి. పొద్దున ఏడు, ఎనిమిది మధ్య లేత ఎండ చూపిస్తే ఇంకా మంచిది. దానికి జాలీ పంజరం కావాలి, సగం నీడ కావాలి, పక్కన మనిషి ఉండాలి. అద్దాల ట్యాంకును ఎండలో పెడితే లోపల జీవి ఉడికిపోతుంది.

తిండి దగ్గర మన ఊళ్లలో పెద్ద ప్రమాదం పురుగుమందు. పత్తి చేను పక్క మిడతను పట్టి వేస్తే మందు కూడా వేసినట్టే. ఇంట్లో బొద్దింకలూ అంతే, స్ప్రేలు, సుద్దముక్కలు తగిలి ఉంటాయి. మిణుగురు పురుగు ఒక్కటి తిన్నా ఈ జీవి చచ్చిపోవచ్చు, అది మందు కొట్టని చోట దొరికినా సరే. పెంచిన కీచురాళ్లు కొనండి, మీల్‌వార్మ్‌లు అనే పిండి పురుగులైతే ఇంట్లోనే గోధుమ తవుడు టబ్బులో క్యారెట్ ముక్క వేసి పెంచుకోవచ్చు. డ్రాగన్ రెండు కళ్ల మధ్య దూరం కంటే పెద్ద పురుగు వేయకూడదు. పిల్లప్పుడు పురుగులే ఎక్కువ, పెద్దయ్యాక ఆకు, కూరగాయే ఎక్కువ. మునగాకు, మందారం పువ్వు, గుమ్మడి, సొరకాయ తురుము బాగా తింటుంది. పాలకూర, తోటకూర రోజూ పెట్టకండి, వాటిలోని ఆక్సలేట్లు అనే పదార్థాలు కాల్షియంను ఒంటికి అందకుండా పట్టుకుంటాయి. పురుగులను కాల్షియం పొడిలో దొర్లించి వేయండి. మిగిలిన కీచురాళ్లను రాత్రికి తీసేయాలి, లేకపోతే పడుకున్న జీవిని కొరుకుతాయి, చీమలు కూడా బారు కడతాయి.

ఇక ఇంట్లో మనుషుల సంగతి. బల్లి జాతి జీవుల పేగుల్లో సాల్మొనెల్లా అనే క్రిమి ఉండొచ్చు. ఆ జీవికి ఏ జబ్బూ కనిపించదు, మనకు మాత్రం జ్వరం, విరేచనాలు పట్టుకుంటాయి. ఐదేళ్ల లోపు పిల్లలు, గర్భిణులు, బాగా పెద్దవాళ్లు, ఒంట్లో శక్తి తక్కువ ఉన్నవాళ్లు దాన్ని, దాని ట్యాంకును ముట్టుకోకపోవడమే మంచిది. పాలు తాగే బిడ్డ ఉన్న ఇల్లైతే రెండు మూడేళ్లు ఆగండి. మిగతావాళ్లు ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి. మా అమ్మ బల్లి మీద పడితే తలస్నానం చేయాలనే మనిషి. మల్లిగాడు వచ్చాక చేతులు కడిగించే డ్యూటీ ఆమెకే ఇచ్చాం, ఒక్కరినీ వదలదు. ట్యాంకు గిన్నెలు వంటగది సింకులో కడగొద్దు, దానికి వేరే బకెట్, వేరే బ్రష్ ఉండాలి. ముద్దు పెట్టుకోవడం, అన్నం తినే చోట వదలడం వద్దు. ఎవరికన్నా విరేచనాలైతే ఇంట్లో ఈ జీవి ఉందని డాక్టర్‌తో చెప్పండి.

పిల్లలకు ఎత్తుకోవడం నేర్పాలి. పక్క నుంచి చెయ్యి పోనిచ్చి, పొట్ట కింద అరచెయ్యి, నాలుగు కాళ్లకూ ఆసరా. తోక పట్టి లాగొద్దు. దీని తోక తెగితే బల్లి తోకలా మళ్లీ రాదు. నేల మీద కూర్చునే ఎత్తుకోవాలని మా బిడ్డకు రూలు, జారినా జానెడు ఎత్తు నుంచే పడుతుంది.

జీవిని కొనే ముందే డాక్టర్‌ను వెతికి పెట్టుకోండి. జిల్లాలో పశువుల డాక్టర్లకు బర్రెలు, మేకలు బాగా తెలుసు, ఈ జీవులను చూసేవాళ్లు దొరకాలంటే వంద కిలోమీటర్లు పోయి హైదరాబాద్‌లో అడగాల్సిందే. తెచ్చిన కొత్తలో ఒకసారి మలం పరీక్ష చేయించండి. బరువు వంటింటి డిజిటల్ కాంటా లాంటిది వేరేగా కొని వారానికోసారి చూసి నోట్‌బుక్‌లో రాయండి. చలికాలంలో తిండి తగ్గించి ఎక్కువసేపు పడుకోవడం పెద్దవాటికి మామూలే, బరువు నిలకడగా ఉంటే కంగారు వద్దు. బరువు కూడా దిగుతుంటే ప్రయాణం కట్టండి. చిల్లులు పెట్టిన డబ్బాలో మెత్తటి గుడ్డ పరిచి, మేలో అయితే తెల్లవారుజామున బయలుదేరండి. ఆపిన కారులో వదిలి టీకి దిగొద్దు.

బతుకమ్మకు ఊరికి పోతే పెద్ద డ్రాగన్ రెండు మూడు రోజులు పక్కింటి వాళ్ల చేతిలో ఉండగలదు. వాళ్లకు చెప్పాల్సినవి తక్కువే: లైట్లకు టైమర్ ఉంది, నీళ్లు మార్చండి, కడిగిన మునగాకు వేయండి, పురుగులు మాత్రం వేయొద్దు, తలుపు గొళ్లెం చూడండి. మస్కిటో కాయిల్ ఆ గదిలో వెలిగించొద్దని కూడా చెప్పాలి, అది ఎవరికీ గుర్తుండదు.