కుందేళ్ల బోనుకి రెండో జాలీ
పెరట్లో కుందేళ్లని పెంచేవాళ్లకి వీధి పిల్లులతో రోజూ టెన్షనే. బోను తలుపు ఎంత గట్టిగా ఉన్నా, కోళ్ల జాలీ కంతల్లోంచి పంజా దూర్చి చెవో ముక్కో గీరేస్తాయి.

మాకు పనికొచ్చింది రెండో జాలీ. హార్డ్‌వేర్ షాపులో అర అంగుళం గళ్ల వెల్డ్ మెష్ అడగండి. పాత జాలీ తీయక్కర్లేదు. బోను చుట్టూ 2 అంగుళాల మందం చెక్క ముక్కలు బిగించి, వాటిమీద ఈ మెష్‌ని మేకులతో కొట్టేయాలి. మధ్యలో ఖాళీ ఉంటుంది కాబట్టి గోరు లోపలిదాకా అందదు. పైభాగం మర్చిపోకండి, పిల్లి ముందు ఎక్కి కూర్చునేది అక్కడే. రాత్రిళ్లు మూడు పక్కలా గోనెసంచి వేలాడదీసి, ఒక పక్క గాలికి వదలండి. పిల్లి కనిపించి కుందేలు బెదిరి ఎగిరిపడిందంటే నడుం విరిగే ప్రమాదం ఉంది.

బోను మట్టినేల మీదుంటే మాత్రం ఇది చాలదు, పందికొక్కులు కిందనుంచి తవ్వుకొస్తాయి. ఇటుకల మీదకి ఎత్తి, అడుగున కూడా ఇదే మెష్ వేయాలి.

కొందరు కలరా ఉండలు చల్లమంటారు. వద్దు, అవి కుందేలుకీ విషమే.