మొదటి ఫెరారి సెకండ్ హ్యాండ్‌లో కొనడం ఎలా?

ఊళ్లో స్థలం కొనాలంటే ముందు ఈసీ తీయిస్తాం, లింకు డాక్యుమెంట్లు అడుగుతాం. ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చిందో వరసగా చూసుకున్నాకే బయానా ఇస్తాం. ఇరవై ఏళ్లు దాటిన ఫెరారి కొనడానికి కూడా ఇదే పద్ధతి. కానీ స్థలం దగ్గర అంత జాగ్రత్తగా ఉండే మనిషి కూడా ఎర్ర కారు ముందు నిలబడి ఇంజిను శబ్దం ఒక్కసారి విన్నాడంటే కాగితాల సంగతి మర్చిపోతాడు. అలా మర్చిపోయి చాలా డబ్బు పోగొట్టుకున్నవాళ్లు నాకు తెలుసు. అందుకే ఇది రాస్తున్నాను.

నేను డాలస్‌లో ఉంటాను. ఇల్లు, పిల్లల చదువు ఒక దారికి వచ్చాక, చిన్నప్పుడు గోడ మీద పోస్టరులో చూసిన కారు గురించి అడిగే తెలుగువాళ్లు ఇక్కడ తరచు కలుస్తుంటారు. వాళ్లకు చెప్పేదే ఇక్కడ వరసగా రాస్తాను. ఉదాహరణకు ఫెరారి 360 మోడెనాను తీసుకుందాం. 1999లో వచ్చిన కారు ఇది. తర్వాత దీని స్థానంలో ఎఫ్430 వచ్చింది. మొదటిసారి కొనేవాళ్లకు 360 సరైన కారు అని నా నమ్మకం.

మొదటి పని: డబ్బు లెక్క

మీ దగ్గర వంద రూపాయలుంటే ఎనభైకే కారు చూడండి. మిగతా ఇరవై మొదటి ఏడాదిలోనే ఖర్చవుతుందని మనసులో రాసిపెట్టుకోండి. కారు పాతబడితే దాని ధర తగ్గుతుంది గానీ స్పేర్ పార్టుల ధర తగ్గదు. కొత్తగా ఉన్నప్పుడు లక్షన్నర డాలర్ల దాకా పలికిన కారు ఇది. ఇవాళ మీరు ఎంతకు కొన్నా, దాని క్లచ్, బ్రేకులు, హెడ్‌లైట్లు మాత్రం ఆ లక్షన్నర కారువే. ఆ ఇరవై చేతిలో లేకపోతే ఇంకో ఏడాది ఆగండి. అప్పు చేసి కారు కొని, సర్వీసు చేయించడానికి డబ్బుల్లేక గ్యారేజీలో కవరు కప్పి పెట్టుకోవడం కంటే అదే మేలు.

ఎప్పుడైనా ఇండియా వెళ్లిపోతే కారును కూడా తీసుకెళ్దాం అనే ఆలోచన ఉంటే అది ఇప్పుడే వదిలేయండి. మూడేళ్లు దాటిన సెకండ్ హ్యాండ్ కార్ల దిగుమతికి మన మామూలు నిబంధనలు ఒప్పుకోవు. స్టీరింగ్ కూడా కుడివైపే ఉండాలి.

రెండో పని: మోడల్ ఎంచుకోవడం

ఇక్కడ చూడాల్సింది గుర్రపు శక్తి కాదు, టైమింగ్ బెల్టు. ఇంజినులో పైన వాల్వులు, కింద పిస్టన్లు ఒక తాళంలో కదలాలి. 360లో ఆ తాళాన్ని పట్టి ఉంచేది రబ్బరు బెల్టులు. ఎనిమిది సిలిండర్లు, ఒక్కోదానికి ఐదు చొప్పున మొత్తం 40 వాల్వులు. బెల్టు తెగితే తెరుచుకున్న వాల్వులను పిస్టన్లు వచ్చి గుద్దుతాయి. ఆ తర్వాత ఇంజిను బాగు చేయించడానికి అయ్యే ఖర్చుతో ఇంకో మంచి కారు వస్తుంది. రబ్బరు కాబట్టి కారు తిరిగినా తిరక్కపోయినా బెల్టు పాతబడుతూనే ఉంటుంది. అందుకే మైళ్లతో సంబంధం లేకుండా మూడు నుంచి ఐదేళ్లకోసారి మారుస్తారు.

360కి ముందు వచ్చిన ఎఫ్355లో ఈ బెల్టులు మార్చాలంటే ఇంజిను మొత్తం కిందికి దించాలి. ఆ ఒక్క సర్వీసుకే పదివేల డాలర్లకు అటూ ఇటూ అవుతుంది. ఎఫ్355 అందమైన కారే, కాదనను. కానీ ఇంజిను నుంచి పొగను బయటికి తెచ్చే గొట్టాలు, అంటే ఎగ్జాస్ట్ మానిఫోల్డులు పగులుతాయి, మొదట్లో వచ్చిన కార్లలో వాల్వులు కదిలే గొట్టాలు, అంటే వాల్వు గైడులు తొందరగా అరుగుతాయి. మొదటి ఫెరారిగా దాన్ని నేను ఎవరికీ చెప్పను. 360లో సీట్ల వెనక ఉన్న ప్యానెల్ విప్పితే బెల్టులు చేతికి అందుతాయి, ఇంజిను దించక్కర్లేదు. ఎఫ్430కి వచ్చేసరికి బెల్టులు పోయి చైన్లు వచ్చాయి. బెల్టు గురించి బెంగ లేదు గానీ దాని పొగ గొట్టాలు, అంటే ఎగ్జాస్ట్ హెడర్లు పగిలే రకం, ధర కూడా ఎక్కువ. నిర్వహణ, ధర రెండూ చూస్తే 360 మధ్యేమార్గం.

తర్వాత గేర్‌బాక్సు. స్టీరింగ్ వెనక ప్యాడిళ్లతో గేర్లు మార్చేదాన్ని ఎఫ్1 అంటారు. దాంట్లో కూడా ఉండేది మామూలు క్లచ్చే. మన కాలు నొక్కే బదులు హైడ్రాలిక్ పంపు నొక్కుతుంది, అంతే. కాబట్టి ఆ పంపు ఎలా ఉంది, క్లచ్ ఎంత అరిగింది అనేది తెలియకుండా ఎఫ్1 కారు కొనకూడదు. మాన్యువల్ కార్లు తక్కువ తయారయ్యాయి, వాటి కోసం పోటీ ఎక్కువ, అందుకే వాటి ధర కూడా బాగా ఎక్కువ. డబ్బు ఉంటే మాన్యువల్. గేరు రాడ్డు కదిలే గాడులున్న ఆ లోహపు గేటులో గేరు పడ్డప్పుడు వచ్చే టక్ మనే శబ్దం కోసమే కొనేవాళ్లున్నారు. లేకపోతే క్లచ్ లెక్క సరిగ్గా తెలిసిన ఎఫ్1 కారు.

బడ్జెట్ ఇంతకంటే తక్కువైతే మాసరాటి గ్రాన్‌టురిస్మో చూడండి. 2007లో వచ్చింది, ఇంజిను ఫెరారి తయారుచేసిందే, ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఉన్న కారు తీసుకోండి. ఇంకా తక్కువైతే పాత ఫియాట్ 124 స్పైడర్. దాని ఇంజినుకు రూపమిచ్చిన ఔరేలియో లాంప్రెడి అంతకుముందు ఫెరారి ఇంజినులు గీసినవాడే. దాంట్లో చూడాల్సింది ఒక్కటే, తుప్పు. ఫ్లోరు, జాకీ పెట్టే చోట్లు, సస్పెన్షన్ బిగించిన చోట్లు చేత్తో తడిమి చూడాలి.

మూడో పని: కాగితాలు

అమ్మేవాళ్లకు మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న "ధర ఎంత తగ్గిస్తారు?" కాదు. "సర్వీసు ఫైలు ఉందా? స్కాన్ చేసి పంపిస్తారా?" అని అడగండి. బాగా చూసుకున్న యజమాని ఈ ప్రశ్నకు సంతోషిస్తాడు. నసిగేవాడి దగ్గర ఇంక మాట్లాడే పని లేదు.

ఫైలు వచ్చాక రసీదులను తేదీల వరసలో పేర్చండి. ప్రతి రసీదు మీద తేదీ, అప్పటికి కారు తిరిగిన మైళ్లు ఉంటాయి. రెండూ కలిసి పెరుగుతూ రావాలి. ఎక్కడైనా నాలుగైదేళ్ల ఖాళీ కనిపిస్తే ఆ కాలంలో కారు ఎక్కడుందో అడగండి. బెల్టులు మార్చిన రసీదును విడిగా తీసి పెట్టుకోండి. "పాత ఓనరు మార్పించానన్నాడు" అనే మాటకు విలువ లేదు. రసీదు లేదంటే బెల్టు మార్చలేదనే లెక్క, ఆ ఖర్చు ధరలోంచి తగ్గాలి.

తర్వాత వీఐఎన్ నంబరు, అంటే ప్రతి కారుకూ విడిగా ఉండే గుర్తింపు నంబరు. పదిహేడు అక్షరాలు, అంకెలు కలిసి ఉంటాయి. ఫెరారి అయితే జెడ్‌ఎఫ్‌ఎఫ్‌తో మొదలవుతుంది. ముందు అద్దం కింద ఉన్న నంబరు, టైటిల్ (కారు ఎవరిదో చెప్పే కాగితం) మీద ఉన్న నంబరు, రసీదుల మీద ఉన్న నంబరు అన్నీ ఒకటేనా అని అక్షరం అక్షరం చూడండి. ఆ నంబరుతో కారు పాత చరిత్ర చెప్పే కార్‌ఫ్యాక్స్ రిపోర్టు తీయండి. అయితే రిపోర్టులో ప్రమాదం లేదంటే ప్రమాదమే జరగలేదని కాదు, ఎవరూ నమోదు చేయించలేదని కూడా కావచ్చు. టైటిల్ మీద సాల్వేజ్ (బాగా దెబ్బతిన్నది) అనో రీబిల్ట్ (అలా దెబ్బతిన్నాక బాగుచేసినది) అనో ఉంటే, ఎంత తక్కువకు వచ్చినా వద్దు. 360 చాసీ మొత్తం అల్యూమినియం. దాన్ని సరిగ్గా అతకడం అందరు మెకానిక్కులకూ చేతనయ్యే పని కాదు.

ఇక తిరిగిన మైళ్ల విషయం. ఇక్కడే కొత్తవాళ్లు ఎక్కువ మోసపోతారు. "ఇరవై ఏళ్లలో ఏడువేల మైళ్లే తిరిగింది" అంటే మురిసిపోకండి. కదలని కారులో ఆయిల్ సీళ్లు ఎండిపోతాయి, పెట్రోలు ట్యాంకులో పాడవుతుంది, టైర్లు గట్టిపడతాయి. ఏడాదికి వెయ్యీ రెండువేల మైళ్లు తిరుగుతూ, వేళకు సర్వీసు అయిన కారే ఆరోగ్యంగా ఉంటుంది. నేను కొన్న కారు అప్పటికి 31,000 మైళ్లు తిరిగింది. ఆ అంకె చూసి చాలామంది వెనక్కి వెళ్లారట. నాకు మాత్రం దాని ఫైలు చూశాక ధైర్యం వచ్చింది. రెండు చేతులతో పట్టుకోవాల్సినంత మందంగా ఉంది.

నాలుగో పని: చల్లటి ఇంజిను చూడటం

నేను మొదట చూసిన కారు ఇది కాదు. నాలుగు గంటలు డ్రైవ్ చేసి వేరే ఊళ్లో ఒక ఎర్ర 360 చూడ్డానికి వెళ్లాను. ముందురోజే "నేను వచ్చేదాకా స్టార్ట్ చేయకండి" అని చెప్పాను. వెళ్లేసరికి కారు బయట మెరుస్తూ ఉంది. ఈ కారులో ఇంజిను మీద అద్దం మూత ఉంటుంది, ఎర్రటి ఇంజిను బయటికే కనిపిస్తుంది. ఆ అద్దం మీద అరచేయి పెట్టాను. వెచ్చగా ఉంది. "మీ కోసం వేడి చేసి ఉంచాను" అన్నాడాయన.

వేడెక్కిన ఇంజిను చాలా దాస్తుంది. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తేనే హెడర్ పగిలితే వచ్చే టిక్ టిక్ శబ్దం వినపడుతుంది, సైలెన్సర్‌లోంచి నీలం పొగ వస్తే కనపడుతుంది. మాన్యువల్ అయితే రెండో గేరు కూడా చల్లగా ఉన్నప్పుడే పరీక్షించాలి. ఆయిల్ వేడెక్కేదాకా అది కొంచెం మొండికేయడం ఈ కార్లలో మామూలే. వేడెక్కాక కూడా గరగరమంటే మాత్రం గేర్‌బాక్సులో గేర్లు సాఫీగా పడేలా చేసే సింక్రోలు అరిగినట్టు.

ఆ రోజు వంగి టైర్ల పక్క కూడా చూశాను. ప్రతి టైరు మీద అది ఎప్పుడు తయారైందో చెప్పే డాట్ కోడ్ ఉంటుంది, చివరి నాలుగు అంకెల్లో మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. ఆ కారు టైర్ల మీద 0710 అని ఉంది. అంటే 2010లో ఏడో వారం. గాడులు కొత్తవాటిలా లోతుగా ఉన్నాయి, కానీ గోరుతో నొక్కితే గట్టి చెక్కలా ఉంది రబ్బరు. ఫైలులో రెండు ఆయిల్ మార్పుల రసీదులు తప్ప ఏమీ లేవు. నమస్కారం పెట్టి వచ్చేశాను. తిరిగి వచ్చే నాలుగు గంటలూ మనసు పీకింది, నిజమే. కానీ వచ్చేయడమే సరైన పని.

లోపల చూడాల్సినవి కూడా ఉన్నాయి. బటన్ల మీద పూత కాలం గడిచేకొద్దీ జిగురులా తయారవుతుంది, వేలు పెడితే అంటుకుంటుంది. టెక్సస్ లాంటి ఎండ ప్రాంతాల్లో డ్యాష్‌బోర్డు తోలు ముడుచుకుని అంచుల దగ్గర లేస్తుంది. ఇవి కారును ఆపవు, బేరానికి మాత్రం పనికొస్తాయి. నడిపేటప్పుడు గతుకుల్లో ముందు చక్రాల దగ్గర కిర్రుమంటే బాల్ జాయింట్లు. డ్యాష్‌లో "స్లో డౌన్" లైటు వెలిగితే పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ వేడిని కొలిచే భాగాల సంగతి చూడాలి. అక్కడ తప్పు చాలాసార్లు సెన్సారుదే అయినా, అమ్మేవాళ్ల మాట మీద నమ్మకండి.

ఐదో పని: మీ మెకానిక్ చేత తనిఖీ

కారు నచ్చింది, కాగితాలు బాగున్నాయి. అయినా డబ్బు ఇవ్వకండి. పీపీఐ అంటారు, అంటే కొనకముందు చేయించే తనిఖీ. వెయ్యి డాలర్లకు అటూ ఇటూ అవుతుంది. ఈ కార్ల మీదే పనిచేసే స్వతంత్ర మెకానిక్ చేత చేయించండి. ఇంతకాలం ఆ కారును సర్వీసు చేసిన మెకానిక్ మాత్రం కాకూడదు. తన పనిలో తప్పును తనే ఎవరు చూపిస్తారు?

ఏమేం చేయాలో మీరే అడిగి రాయించుకోండి. ఎనిమిది సిలిండర్లకూ కంప్రెషన్, లీక్‌డౌన్ పరీక్ష, అంటే లోపల ఒత్తిడి ఎంత, అది ఎంత కారిపోతోంది అని చూడటం: అంకెలన్నీ దగ్గరదగ్గరగా ఉండాలి, ఒకటి తేడాగా ఉంటే దాని వెనక కారణం ఉంటుంది. ఎఫ్1 అయితే డయాగ్నస్టిక్ కంప్యూటరుతో క్లచ్ ఎంత శాతం అరిగిందో చూడాలి. కింది మూత విప్పి ఆయిల్ కారిన జాడలు చూడాలి. పెయింట్ మందం కొలవాలి. బాడీ అల్యూమినియం కాబట్టి అయస్కాంతం చిట్కా ఇక్కడ పనిచేయదు, అల్యూమినియం మీద కొలిచే మీటరే కావాలి. మొదట్లో వచ్చిన 360ల్లో వాల్వులు తెరుచుకునే వేళను మార్చే భాగాలు, అంటే క్యామ్ వేరియేటర్ల సమస్య ఉండేది. అది సరిచేశారా అన్నది ఫైలులో తేలాలి.

వీలుంటే మీరు దగ్గరుండండి. కారు లిఫ్టు మీద ఉన్నప్పుడు మెకానిక్ టార్చి పట్టుకుని "ఇది చూడండి" అని చూపించే ఆ గంటలో నేర్చుకున్నది ఎంత చదివినా రాదు. నా కారులో ఇంజిను మౌంట్లు అరిగాయని, ఒక సీలు చెమరుస్తోందని ఆ గంటలోనే తెలిసింది. ఆ లిస్టు అమ్మే ఆయన ముందు పెట్టాను. ఆయన గొడవ పడలేదు, ఖర్చులో సగం తగ్గించాడు.

డబ్బు చేతులు మారే రోజు

టైటిల్ మీద బ్యాంకు అప్పు ఉంటే, ఆ బ్యాంకులోనే కూర్చుని లావాదేవీ ముగించండి. టైటిల్ కళ్లతో చూడకుండా డబ్బు పంపకండి. టెక్సస్‌లో అయితే 6.25 శాతం అమ్మకం పన్ను కూడా లెక్కలో వేసుకోండి. బీమా మామూలు పాలసీ వద్దు. కారు విలువ ఎంతో ముందే ఒప్పుకుని రాసే అగ్రీడ్ వాల్యూ పాలసీ తీసుకోండి. లేకపోతే ప్రమాదం జరిగిన రోజు కంపెనీ దాన్ని పాత కారుగానే లెక్కకడుతుంది. రెండో తాళంచెవి, టూల్ కిట్, మాన్యువల్ పుస్తకాలు ఆ రోజే అడిగి తీసుకోండి. తర్వాత విడిగా కొనాలంటే వాటికీ చాలా అవుతుంది.

ఇంటికొచ్చాక

బెల్టు రసీదు లేకపోతే మొదటి పని అదే. టైర్లు పాతవైతే రెండో పని. ఆయిల్, బ్రేక్ ఆయిల్, కూలెంట్ మార్పించండి. బ్యాటరీకి చిన్న చార్జర్ తగిలించి ఉంచండి. వారాల తరబడి వదిలేస్తే ఈ కార్ల బ్యాటరీ నిలవదు, బ్యాటరీ బలహీనమైతే డ్యాష్‌లో లేనిపోని లైట్లన్నీ వెలుగుతాయి.

ఎఫ్1 కారులో సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు రెండు ప్యాడిళ్లూ కలిపి లాగి న్యూట్రల్‌లో పెట్టండి. ఎత్తు మీద రివర్స్‌లో నెమ్మదిగా పాకించకండి, క్లచ్ అన్నిటికంటే వేగంగా అరిగేది అక్కడే. మా ఇంటి డ్రైవ్‌వే కొంచెం ఎత్తుగా ఉంటుంది. అందుకని నేను కారును ముందుకే ఎక్కిస్తాను, బయటికి వచ్చేటప్పుడు పల్లానికి అదే దిగుతుంది. ఈ ఇంజిను 8,500 ఆర్‌పీఎం దాకా వెళ్తుంది, కానీ ఆయిల్ ఉష్ణోగ్రత చూపించే ముల్లు లేచేదాకా 4,000 దాటించను. ఆదివారం పొద్దున్నే అయితే మా వీధి చివర నుంచి హైవే ఎక్కేసరికి సరిగ్గా పన్నెండు నిమిషాలు పడుతుంది, ముల్లు లేచేది అప్పుడే.