బిడ్డ జన్మ నక్షత్రం, పాదం పంచాంగంలో చూసుకోవడం ఎలా?

తొట్టెలలో వేసే రోజు దగ్గర పడితే ఇంటికొచ్చిన వాళ్లంతా అడిగేది ఒక్కటే: ఏ నక్షత్రం, పేరుకు ఏ అక్షరం వచ్చింది? ఆ ఏటి పంచాంగం, ఒక కాగితం ఉంటే ఇంట్లోనే తేల్చుకోవచ్చు.

ముందు ఆసుపత్రి కాగితంలో ఉన్న పుట్టిన సమయం నిమిషాలతో సహా రాసుకోండి. పంచాంగంలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది, అర్ధరాత్రితో కాదు. మంగళవారం తెల్లవారుజామున 2.30కి పుడితే సోమవారం వరుసే చూడాలి. సోమవారం ఎదురుగా 'తె. 3.40' అని ఉన్నా అది మంగళవారం తెల్లవారుజామే. చాలామంది పొరబడేది ఇక్కడే.

ఇప్పుడు లెక్క. సోమవారం వరుసలో 'కృత్తిక ఉ. 10.20', మంగళవారం వరుసలో 'రోహిణి ఉ. 11.08' అని ఉందనుకుందాం. రెండూ ఆయా నక్షత్రాలు ముగిసే సమయాలు. అంటే రోహిణి మొత్తం 24 గంటల 48 నిమిషాలు. పాదమంటే నక్షత్రంలో నాలుగో వంతు, కాబట్టి దాన్ని నాలుగుతో భాగిస్తే పాదానికి 6 గంటల 12 నిమిషాలు. మొదటి పాదం సాయంత్రం 4.32 వరకు, రెండోది రాత్రి 10.44 వరకు, మూడోది తెల్లవారుజామున 4.56 వరకు. 2.30కి పుట్టిన మన బిడ్డది మూడో పాదం. రోహిణి అక్షరాలు ఓ, వా, వీ, వు కాబట్టి 'వీ' వస్తుంది, రాశి వృషభం. నక్షత్రానికి 24 గంటలని గుడ్డిగా వేసుకోవద్దు, చంద్రుడి వేగం రోజూ మారుతుంది. సమయం పాదం అంచుకు పది నిమిషాల లోపు పడితే చంద్ర స్ఫుటం, అంటే ఆ క్షణంలో చంద్రుడి కచ్చితమైన స్థానం, లెక్క కట్టించాల్సిందే.

దశాశేషానికీ, అంటే పుట్టేటప్పటికి నడుస్తున్న మహాదశలో ఇంకా మిగిలిన కాలానికీ, ఇదే లెక్క. రోహిణికి చంద్ర మహాదశ, 10 ఏళ్లు. రోహిణి మొత్తం 1488 నిమిషాల్లో 2.30 నుంచి 11.08 వరకు 518 మిగిలాయి గనుక సుమారు 3 ఏళ్ల 5 నెలల 23 రోజులు శేషం.

నక్షత్రాంత సమయం నల్లగొండలోనైనా మహబూబ్‌నగర్‌లోనైనా ఒక్కటే, దాన్ని సవరించకూడదు. ఊరిని బట్టి మారేది సూర్యోదయం, లగ్నం (పుట్టిన వేళ తూర్పున ఉదయించే రాశి). రేఖాంశాన్ని బట్టి హైదరాబాద్ కంటే నల్లగొండలో దాదాపు 3 నిమిషాలు ముందు, మహబూబ్‌నగర్‌లో 2 నిమిషాలు వెనక. పాలమూరు నుంచి వలస వెళ్లిన వాళ్లకు ముంబైలో బిడ్డ పుడితే తేడా 20 నిమిషాలు. లగ్నం సుమారు రెండు గంటలకోసారి మారుతుంది కనుక అది చిన్న తేడా కాదు. సొంతూరు కాకుండా, పుట్టిన ఊరి పేరే అయ్యగారికి చెప్పండి.