బ్రేక్ తొక్కితే స్టీరింగ్ వణుకుతోందా? ఇంట్లోనే డిస్క్ మార్చుకునేవాళ్ల కోసం

హైవే మీద 80, 90లో వెళ్తుంటారు. బ్రేక్ మీద కాలు పెట్టగానే స్టీరింగ్ చేతుల్లో గడగడా వణుకుతుంది, కాలు తీస్తే ఆగిపోతుంది. షెడ్డుకు తీసుకెళ్తే "డిస్కులు బెండ్ అయ్యాయి సార్, రెండూ మార్చేయాలి" అంటారు. మారుస్తారు కూడా. కొన్ని వేల కిలోమీటర్లు హాయిగా నడిచి మళ్లీ అదే వణుకు మొదలవుతుంది. కొత్త డిస్క్ (చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లెం) కూడా అంత త్వరగా పాడైందంటే చాలాసార్లు తప్పు డిస్క్‌ది కాదు, దాని వెనకున్న హబ్‌దో (డిస్క్, చక్రం బిగించే భాగం), పక్కనున్న క్యాలిపర్‌దో (ప్యాడ్లనే అరిగే బిళ్లలను డిస్క్‌కు రెండు వైపులా నొక్కే భాగం) అయి ఉంటుంది. ఈ పని ఇంట్లో చేసుకోవడంలో నాకు కనిపించే అసలు లాభం కూలి డబ్బులు మిగలడం కాదు, ఆ రెండింటినీ కూర్చుని శుభ్రం చేసే ఓపిక మనకు ఉండటం.

ఇక్కడ రాసేదంతా ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు ఉన్న మామూలు హ్యాచ్‌బ్యాక్‌లు, చిన్న సెడాన్ల గురించి. వెనక డిస్కులు, ఎలక్ట్రానిక్ హ్యాండ్ బ్రేక్ ఉన్న కార్లలో సర్వీస్ మోడ్ పెట్టకుండా పిస్టన్‌ను (క్యాలిపర్‌లో ప్యాడ్‌ను తోసే ముక్క) బలవంతంగా నొక్కితే లోపలి మోటారు దెబ్బతింటుంది, వాటి జోలికి ఇలా వెళ్లొద్దు.

వణుకు ఎక్కడిది?

బ్రేక్ తొక్కకుండానే 80 దాటాక వణికితే ముందు వీల్ బ్యాలెన్సింగ్, టైర్లు చూపించండి. తొక్కినప్పుడు మాత్రమే, అదీ స్టీరింగ్‌లో తెలిస్తే ముందు డిస్కులు. స్టీరింగ్ నిలకడగా ఉండి సీటు కింద, పెడల్‌లో కొట్టుకుంటుంటే వెనక డ్రమ్ముల మీద అనుమానపడాలి, ముందు డిస్కులు మార్చి డబ్బు పోగొట్టుకోవద్దు. సడన్ బ్రేక్ వేసినప్పుడు పెడల్ టకటకా కొట్టడం ఏబీఎస్ (చక్రాలు లాక్ అవకుండా చూసే ఏర్పాటు) పని, అది రోగం కాదు.

డిస్క్ వంకర పోవడం నిజానికి చాలా అరుదు. జరిగేది మందంలో తేడా రావడం. హబ్ మీద తుప్పు పొర ఉండగానే కొత్త డిస్క్ బిగించేస్తే అది వెంట్రుకవాసి వాలి కూర్చుంటుంది. హబ్ దగ్గర ఉన్న తేడా డిస్క్ అంచుకు వచ్చేసరికి దాదాపు రెట్టింపు అవుతుంది. చాలా కార్లకు ఈ ఊగు 0.05 నుంచి 0.1 మి.మీ. లోపే ఉండాలి. వాలిన డిస్క్ తిరిగిన ప్రతిసారీ ఒకే చోట ప్యాడ్‌ను రాసుకుంటుంది, నెలల తరబడి అలా రాసుకుని రాసుకుని ఆ చోటు పలచబడుతుంది. అందుకే వణుకు మొదటి రోజు రాదు, తర్వాతెప్పుడో వస్తుంది. 80లో చక్రం సెకనుకు 12 సార్ల దాకా తిరుగుతుంది, ఆ పలచటి చోటు ప్యాడ్ల మధ్యకు వచ్చిన ప్రతిసారీ పట్టు తగ్గి మళ్లీ బిగుస్తుంది కాబట్టి చేతికి వణుకులా తెలుస్తుంది.

రెండో దారి వేడి. తిరుమల ఘాట్‌లోనో శ్రీశైలం ఘాట్‌లోనో బ్రేకుల మీదే దిగి, డిస్కులు మండుతుండగా కింద కారు ఆపి పెడల్ అలాగే నొక్కి పట్టుకుంటే ప్యాడ్ పదార్థం ఆ ఒక్క చోట అంటుకుపోతుంది. రెండో గేరులో దిగండి, ఆగాక వీలైతే కాలు తీసి హ్యాండ్ బ్రేక్ వేయండి. మచ్చ ఇంకా కొత్తదైతే డిస్క్‌ను ఉప్పు కాగితంతో రుద్ది, ఖాళీ రోడ్డు మీద కొన్నిసార్లు గట్టిగా బ్రేకులు వేస్తే పోయే అవకాశం ఉంది, వెంటనే కొత్తవి కొనేయక్కర్లేదు.

చప్పుళ్లు

వానలో తడిసిన మర్నాడు పొద్దున బరబరమని రెండు మూడు బ్రేకుల్లో పోయే చప్పుడు పైపై తుప్పుది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్లలో ఇది మరీ ఎక్కువ, వదిలేయండి. సన్నగా కీచుమంటూ రోజూ వినిపిస్తే ప్యాడ్ అరిగి, ఆ అరుగుదల తెలపడానికి దానికున్న చిన్న రేకు డిస్క్‌కు తగులుతోందని అర్థం. ప్యాడ్ మెటీరియల్ 3 మి.మీ.కు వస్తే మార్చేయాలి. గరగరమని ఇనుము ఇనుముని గీకే చప్పుడు వస్తే ఆ రోజే కారు ఆపేయండి, డిస్క్ కూడా పోయినట్టే.

బ్రేక్ వేస్తే కారు ఒక పక్కకు లాగుతోందా, లేక కాసేపు నడిపి ఆపాక ఒక చక్రం మాత్రమే వేడి కక్కుతోందా (చెయ్యి దగ్గరగా పెట్టి చూడండి, ముట్టుకోవద్దు)? ఇది క్యాలిపర్ స్లైడ్ పిన్ను (క్యాలిపర్ అటూ ఇటూ జరగడానికి ఉన్న పిన్ను) పట్టేసిన లక్షణం. లేదంటే పిస్టన్ వెనక్కి రావడం లేదు. ఇది సరిచేయకుండా డిస్క్ మారిస్తే కొత్తది కూడా కాలిపోతుంది.

విప్పడం

కారు చదునైన గచ్చు మీద ఉండాలి. హ్యాండ్ బ్రేక్ వేసి, వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, చక్రం నేల మీద ఉండగానే నట్లు కాస్త వదులు చేయండి. కారుతో వచ్చే జాకీ ఎత్తడానికే గానీ మోయడానికి కాదు, జాకీ స్టాండు తప్పకుండా పెట్టండి. ఇటుకలు పెట్టొద్దు, బరువుకు ఒక్కసారిగా పగిలిపోతాయి. ఈ ఒక్క విషయంలో సర్దుకుపోవద్దు, స్టాండు లేకపోతే పని ఆ రోజుకు వాయిదా వేయండి.

క్యాలిపర్ బోల్టులు సాధారణంగా 12 లేదా 14 సైజు, దాన్ని మోసే బ్రాకెట్‌వి 17. బ్రాకెట్ బోల్టులు మొండివి, పొడవైన రాడ్డు కావాలి. క్యాలిపర్‌ను గొట్టం మీద వేలాడనివ్వకుండా తీగతో సస్పెన్షన్ స్ప్రింగుకు కట్టండి. బ్రేక్ ఆయిల్ గొట్టం ఎక్కడా విప్పట్లేదు కాబట్టి బ్రేకుల్లోంచి గాలి తీయాల్సిన పని ఉండదు. దుమ్మును ఊదొద్దు, మాస్క్ పెట్టుకుని బ్రేక్ క్లీనర్‌తో తడిపి తుడవండి.

డిస్క్ రాకపోతే ముందు దాన్ని పట్టుకున్న చిన్న స్క్రూ ఉందేమో చూడండి. జపాన్ డిజైన్ డిస్కుల్లో చాలావాటికి మరలున్న రెండు రంధ్రాలు ఉంటాయి, వాటిలో 8 మి.మీ. బోల్టులు మార్చి మార్చి బిగిస్తూ పోతే డిస్క్ దానంతటదే బయటికొస్తుంది. రంధ్రాలు లేకపోతే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి కాసేపు ఆగి, పారేసే డిస్కే అయితే స్టడ్ల (చక్రం నట్లు ఎక్కే బోల్టులు) మధ్య సుత్తితో కొట్టండి.

తీసిన డిస్క్ మీద కనీస మందం అచ్చు వేసి ఉంటుంది. అంచున అరగని గట్టు ఉంటుంది కాబట్టి వెర్నియర్ అబద్ధం చెబుతుంది, మైక్రోమీటర్‌తో గట్టుకు లోపల నాలుగైదు చోట్ల కొలవండి. మందం బాగా మిగిలి ఉంటే లేత్ మిషన్ మీద చదును చేయించుకోవచ్చు, కనీసానికి దగ్గరగా ఉంటే రెండు వైపులా కొత్తవే వేయాలి. ఒక్క వైపే మార్చొద్దు.

అసలు పని ఇక్కడ

హబ్ ముఖం చూడండి. స్టడ్ల చుట్టూ గోధుమ రంగు తుప్పు పెచ్చులు కట్టి ఉంటుంది, గోటితో గీస్తే పొరగా లేస్తుంది. వైరు బ్రష్‌తో, ఉప్పు కాగితంతో స్టడ్ల మొదళ్ల దాకా, మధ్య బొడిపె చుట్టూ ఇనుము మెరిసేలా రుద్దండి. వేలితో తడిమితే ఎక్కడా ఎత్తు తగలకూడదు.

స్లైడ్ పిన్నులు లాగి చూడండి. మంచి పిన్ను రెండు వేళ్లతో జారుతుంది. ఎండిపోయిన గ్రీజు నల్లగా బంకలా పట్టేసి ఉంటే పూర్తిగా తుడిచి సిలికాన్ బ్రేక్ గ్రీజు పల్చగా రాయండి. బేరింగుల గ్రీజు వద్దు, దానికి రబ్బరు ఉబ్బి పిన్ను మళ్లీ పట్టేస్తుంది. పిస్టన్‌ను పాత ప్యాడ్ అడ్డం పెట్టి సి క్లాంప్‌తో నెమ్మదిగా లోపలికి నొక్కండి, పైన బ్రేక్ ఆయిల్ డబ్బా పొంగకుండా చూసుకుంటూ. ఒలికితే పెయింట్ లేచిపోతుంది, వెంటనే నీళ్లతో కడగాలి. పిస్టన్ కదలకపోతే, దాని రబ్బరు చిరిగి ఉంటే, అక్కడితో ఆపి క్యాలిపర్‌ను తెలిసినవాళ్లకు ఇవ్వండి.

కొత్త డిస్క్ మీద తుప్పు పట్టకుండా పూసిన నూనె ఉంటుంది, బ్రేక్ క్లీనర్‌తో రెండు వైపులా తుడిచాకే ఎక్కించండి. కొత్త డిస్క్‌కు కొత్త ప్యాడ్లే వేయండి. బోల్టుల బిగువు మాన్యువల్‌లో చూసి టార్క్ రెంచ్‌తో (ఎంత బిగువో కొలిచే స్పానర్) బిగించండి. చక్రం నట్లు ఎదురెదురుగా, రెండు విడతల్లో. గాలి గన్నుతో ఇష్టం వచ్చినట్టు బిగిస్తే ఇంత కష్టపడి సరిచేసిన డిస్క్ మళ్లీ వాలుతుంది, పంక్చర్ షాపులో కూడా ఈ మాట చెప్పి చేతి స్పానర్‌తోనే బిగించమనండి.

బండి కదిలించే ముందు పెడల్ గట్టిపడేదాకా తొక్కండి. పిస్టన్ వెనక్కి వెళ్లి ఉంటుంది కాబట్టి మొదటిసారి పెడల్ నేలకు పోతుంది, అది రోడ్డు మీద జరగకూడదు. ఆయిల్ మట్టం చూసుకోండి. ఎంత తొక్కినా మెత్తగానే ఉంటే కారు బయటికి తీయొద్దు.

తర్వాత ఖాళీ రోడ్డు మీద 60 నుంచి 10కి, పూర్తిగా ఆగకుండా, ఎనిమిది పదిసార్లు మధ్యస్థంగా బ్రేక్ వేసి, చివర్లో బ్రేక్ ముట్టకుండా కాసేపు నడిపి చల్లారనివ్వండి. కాస్త కాలిన వాసన వస్తుంది, కంగారు వద్దు. 100 కిలోమీటర్ల తర్వాత నట్ల బిగువు ఒకసారి చూడండి, అప్పుడే రెండు చక్రాల వేడి కూడా పోల్చండి. ఒకటి ఇంకా ఎక్కువ వేడిగా ఉంటే ఆ వైపు క్యాలిపర్ మళ్లీ విప్పాల్సిందే.